తనది కాని ఇల్లు

కొంతకాలము క్రిందట ఇంగ్లీషు శాఖలోని మిత్రుడొకరు పరీక్ష కాగితములు దిద్దుతూ ఒక జవాబును మాకు చదివి వినిపించినారు. నవలారచయిత్రి జేన్ ఆస్టిన్ ఒక 'రెక్టరీ'లో పుట్టి పెరిగినదని పాఠములో ఉన్నది. దానికి ఆ విద్యార్థి, ఆమె తండ్రి విశ్వవిద్యాలయములో రెక్టరు పదవిలో ఉండెననియు, వైస్ ఛాన్సలరు తరువాత ఆయనయే పెద్ద అధికారి అనియు వివరణ వ్రాసినాడు. గదిలో ఉన్న మేమందరము నవ్వుకున్నాము. తరువాత ఆలోచింపగా ఆ పిల్లవానిని తప్పుపట్టుటకు మనసు రాలేదు. మన విశ్వవిద్యాలయములలో రెక్టరు అను ఉద్యోగి ఉండుట అతనికి తెలుసు. ఇంగ్లండు పల్లెటూళ్ళలో చర్చి పక్కన ఉండే రెక్టరును గురించి అతనికి ఎవరు చెప్పినారు?

తెలుగు పాఠము చెప్పుకొని బ్రతికే మాకు ఆ ఇంటితో పని యేమని అడుగవచ్చును. ఆనాటి నవ్వుతో మొదలైన ఆసక్తి మమ్ములను కొన్ని గ్రంథములు తిరుగవేయునట్లు చేసినది. చదివిన కొలదిని, ఆ ఇళ్ళను గురించి లోకములో చెల్లుతున్న అభిప్రాయము సగమే నిజమని మాకు తోచినది. ఆ మిగిలిన సగమును గురించియే ఈ వ్యాసము.

ముందుగా మాట అర్థము. ఇంగ్లండు దేశము పూర్వమునుండి పారిష్ అను చిన్న చిన్న మండలములుగా విభజింపబడి ఉన్నది. ఒక్కొక్క పారిష్‌కు ఒక చర్చి, ఆ చర్చికి ఒక మతగురువు. గ్రామములో పండిన పంటలో పదియవ వంతు చర్చికి చెందవలెనని నియమము. ధాన్యము, గడ్డి మొదలైన పెద్ద పంటల దశమభాగము పుచ్చుకొను హక్కు గలవాడు రెక్టరు. చిల్లర పంటల భాగము మాత్రమే దక్కువాడు వికారు. దీనికి తోడు చర్చి పేర కొంత సాగుభూమి ఉండేది. మన గ్రామములలో ఖాజీకి, ఇమాముకు, పూజారికి, కరణమునకు ఉండిన సర్వీసు ఇనాములను తలచుకొన్నచో ఈ ఏర్పాటు మనకు వెంటనే బోధపడుతుంది. పని చేసినంతకాలము భూమి అనుభవింపవచ్చును, అమ్ముటకు వీలులేదు. రెక్టరు నివసించు ఇంటికే రెక్టరీ అని పేరు. అది కూడా ఆ ఇనాము వంటిదే. మనిషికి కాక పదవికి అంటిపెట్టుకొని ఉండే ఇల్లు.

ఇట్టి ఇల్లు నేడు ఇంగ్లండులో మిక్కిలి గిరాకీ గల వస్తువు. ఇరువదవ శతాబ్దిలో, విశేషించి రెండవ ప్రపంచయుద్ధము తరువాత, చర్చివారు ఈ పాత ఇళ్ళను నిర్వహింపలేక వేలకొలది అమ్మివేసి, గురువులకు చిన్న ఇళ్ళు కట్టించి ఇచ్చినారు. 'ది ఓల్డ్ రెక్టరీ' అని గుమ్మమున పేరు గల ఇల్లు కొనుక్కొనుట అక్కడి ధనికులకు ఒక గౌరవచిహ్నమైనది. ఎర్ర ఇటుక గోడలు, పొందికైన కిటికీలు, ముందు పచ్చిక బయలు, వెనుక చర్చి గోపురము: ఈ బొమ్మను క్యాలెండర్లపై మనము కూడా చూచినాము. వాస్తుశాస్త్రజ్ఞులు సైతము ఈ గృహములను ప్రశంసింతురు. జమీందారు భవనమంత డాబు లేదు, రైతు ఇంటివలె మోటుగా లేదు, మధ్యతరగతి మర్యాదకు ఆదర్శము అందురు. ఆ ప్రశంసను మేము కాదనము. అయితే, ఆ ఇంట్లో ఉన్నవాడెవడును ఆ ఇంటికి యజమాని కాడన్న సంగతి మరచి ఆ గోడలను వర్ణించుట, అద్దెకు తెచ్చిన నగను చూచి పెండ్లికూతురి సిరిని పొగడినట్లుంటుందని మా అభిప్రాయము.

ఈ మాటను నిరూపించుటకు ఒక్క ఇంటిని తీసుకుందాము. అది లింకన్‌షైర్ జిల్లాలోని ఎప్వర్త్ గ్రామములో ఉన్నది. మేము దానిని కన్నులార చూడలేదు. చిత్రములలో చూచినాము, వర్ణనలు చదివినాము.

ఎప్వర్త్ ఉన్న ప్రాంతమును ఆక్సోమ్ ద్వీపము అందురు. చుట్టును సముద్రము లేదు; ఒకప్పుడు చుట్టును బురద నేలలు, వాగులు. 1620లలో వెర్ముయిడెన్ అను డచ్చి ఇంజనీరు రాజాజ్ఞతో కాలువలు త్రవ్వి ఆ నీటిని మళ్ళించినాడు. చేపలు, పిట్టలు పట్టుకొని, గడ్డి కోసుకొని ఆ చిత్తడి మీద బ్రతికిన పల్లెజనము కడుపుమండి కట్టలు తెగగొట్టినారు. ఆ కలహము తరములు సాగినది. ప్రభుత్వపు మనిషిగా కనబడిన ప్రతివాని మీదను అనుమానపడే ఆ ఊరికి 1690లలో శామ్యూల్ వెస్లీ రెక్టరుగా వచ్చినాడు. ఆ పదవిని ఇచ్చు హక్కు రాజునకు చెందినది. ఏటికి 200 పౌండ్లు వస్తుందని కాగితము మీద ఉన్నది. ఆయన పండితుడు, కవి, లెక్కలు తెలియని మనిషి. భార్య సుసానా. ఆమె పందొమ్మిది మంది బిడ్డలను కన్నది, పదిమంది దక్కినారు. వారిలో జాన్, చార్లెస్ అనువారు తరువాత మెథడిస్టు ఉద్యమమునకు కారకులైనారు.

వారు వచ్చి చేరిన ఇంటి వివరము పదిహేడవ శతాబ్ది ఆరంభపు ఒక పట్టీలో ఉన్నది. అయిదు అంకణముల ఇల్లు. కొయ్య స్తంభములు, వాటి నడుమ గారమెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. మూడు అంతస్తులుగా అమర్చిన ఏడు ముఖ్యమైన గదులు: వంటిల్లు, నడిమి చావడి, కూర్చుండు గది, సామానుల గది, పైన మూడు పెద్ద గదులు. బయట మట్టిగోడల ధాన్యపు కొట్టము, పావురముల గూడు, జనుమును ఆరబెట్టు బట్టీ ఒకటి. ఆ ప్రాంతమున జనుము పండేది గనుక రెక్టరు దశమభాగములో అది కూడా చేరేది. పంట భాగము వచ్చి పడుటకు చోటు ఉండవలెను గదా! పాత రెక్టరీ అనగా సగము ఇల్లు, సగము గాదె. క్యాలెండరు బొమ్మలో ఈ గాదె కనబడదు. తరువాతి కాలమువారు దానిని పడగొట్టి పచ్చిక పెంచినారు.

ఆ గడ్డి కప్పు 1702లో ఒకసారి అంటుకొని ఇంటిలో మూడింట రెండు వంతులు కాలినది. 1705 ఎన్నికలలో రెక్టరు ఊరివారికి గిట్టని పక్షమును బలపరచుటచే పగ పెరిగినది. 30 పౌండ్లకు లోపు అప్పు తీర్చలేదని ఆ ఏడే ఆయనను లింకన్ కోటలోని చెరసాలలో వేయించినారు. ఆయన చెరలో ఉండగా పశువులను కత్తులతో పొడిచినారు. చివరకు 1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఇల్లంతయు కాలిపోయినది. ఎవరో నిప్పు పెట్టినారని కుటుంబమువారి అనుమానము, ఋజువు దొరకలేదు.

ఆ రాత్రి సంగతి ఇంగ్లండులో బడిపిల్లలకు కూడా తెలుసు. పిల్లల గది పైన ఉన్నది. దాసి పసివాడైన చార్లెస్‌ను ఎత్తుకొని, తక్కినవారిని వెంట రమ్మని కేక వేసి క్రిందికి పరుగెత్తినది. అయిదేండ్ల జాన్ నిద్రలో ఉండి రాలేదు. తండ్రి మెట్లు ఎక్కబోగా అవి కాలుతున్నవి. పిల్లవాడు మేల్కొని, పెట్టె మీదికి ఎక్కి కిటికీలో నిలిచినాడు. నిచ్చెన తెచ్చుటకు వ్యవధి లేదు. ఒకడు గోడకు ఆనుకొని నిలువగా, మరియొకడు వాని భుజములెక్కి పిల్లవానిని లాగినాడు. మరుక్షణమున కప్పు కూలినది. నిచ్చెన లేకుండ ఇద్దరు మనుష్యుల ఎత్తులో అందిన కిటికీ అది. ఆ ఇల్లు ఎంత పొట్టిదో ఈ ఒక్క సంగతివలన తెలుస్తున్నది. నాలుగు వందల ఏండ్ల నాటి పట్టీ కంటె మాకు ఈ కొలత స్పష్టముగా కనబడినది.

రెక్టరు వెంటనే మరల కట్టించినాడు. ఈసారి కొయ్య కాదు, గడ్డి కాదు, ఇటుక. ఖర్చు సుమారు 400 పౌండ్లు, అనగా కాగితము మీది ఆదాయమునకు రెండేండ్ల మొత్తము. నేడు నిలిచి ఉన్నది ఆ ఇల్లే. అప్పటికి ఇంగ్లండు సింహాసనము మీద ఆన్ రాణి ఉన్నది (1702–1714). ఆ కాలపు కట్టడమునకు ఆమె పేరనే ఒక రీతి ఏర్పడినది. ఎర్రని ఇటుక, రెండు అంతస్తులు, పైన వాలు కప్పు క్రింద అటక, వరుసలు తీర్చిన కిటికీలు, నగిషీ మాత్రము బహు స్వల్పము. కోటబురుజులు లేవు, చర్చిని అనుకరించు మొనదేలిన కమానులు లేవు. ఇటుక మీద ఇటుక సమముగా పేర్చిన నిలకడయే దాని అందము. మెచ్చుకొనదగినదే.

అయితే ఆ ఇటుకల వెనుక లోపలి స్థితి వేరు. ఇల్లు కట్టిన పదమూడేండ్లకు కూడా అందులో సగము సామాను సమకూడలేదనియు, భార్యాబిడ్డలకు సగము బట్టలయినను లేవనియు సుసానా తన సోదరునికి వ్రాసిన జాబువలన తెలుస్తున్నది. బయట రాణివాసపు రీతి, లోపల ఖాళీ గదులు. వాస్తుగ్రంథములలో ముఖద్వారము పటము వేస్తారు గాని ఖాళీ గది పటము వేయరు.

ఆ ఇంట్లో నిజముగా పని చేసిన గది వంటిల్లు. దానిని గురించి కొంచెము విస్తరించి చెప్పుటకు పాఠకులు మమ్ములను అనుమతింపవలెను. సుసానా తన బిడ్డలందరికి తానే బడి పెట్టినది. ఉదయము మూడు గంటలు, మధ్యాహ్నము మూడు గంటలు. బిడ్డకు అయిదవ ఏడు నిండిన మరునాడు అక్షరములు మొదలు. ఆ ఒక్క దినమున అక్షరములన్నియు రావలెను. వారమునకు ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడేది. జాన్ వంతు గురువారము. ఆడపిల్లకు చక్కగా చదువుట వచ్చువరకు కుట్టుపని మొదలైన ఇంటిపనులు నేర్పరాదని ఆమె పెట్టుకొన్న నియమము. మూడు వందల ఏండ్ల క్రిందట బురద నేలల నడుమ ఒక తల్లి చేసికొన్న ఆ నియమమును మన కాలమునకు కూడా ఎందరు తండ్రులు అంగీకరింతురో, ఈ పత్రిక చదివే విద్యార్థినులకు మేము చెప్పనక్కరలేదు.

1711 చివర రెక్టరు మతసభ పనిమీద లండను వెళ్ళి ఆ శీతకాలమంతయు అచటనే ఉండిపోయినాడు. ఆయన బదులు ఉంచిన ఉపగురువు ప్రసంగములు నిస్సారములు. సుసానా ఆదివారము సాయంకాలము బిడ్డలకు, పనివారికి వంటింట్లో ప్రార్థన చదివి వినిపించేది. పనివాని తల్లిదండ్రులు తామును వత్తుమన్నారు. వారి వెంట ఇరుగుపొరుగువారు వచ్చినారు. ముప్పదిమంది నలుబదిమంది అయి, చివరకు రెండువందల మందికి పైబడినారు. చోటు చాలక జనము తిరిగిపోయినారు కూడా. ఏడేండ్ల క్రిందట రెక్టరు పశువులను పొడిచిన ఊరు అదే గదా! ఉపగురువునకు ఇది కిట్టక లండనుకు ఫిర్యాదు వ్రాసినాడు. స్త్రీ ఈ పని చేయుట తగదని భర్త జాబు వ్రాసినాడు. అందుకు ఆమె, కోరిక అని వ్రాయవద్దు, ఆజ్ఞ అని స్పష్టముగా వ్రాయుము, ఈ మంచిని ఆపినందుకు రేపు దేవుని యెదుట జవాబు నీదగును అను భావముతో బదులిచ్చినది. ఆజ్ఞ రాలేదు.

కుటుంబము వారమంతయు అన్నము వండుకొని తిను గది ఆదివారము సాయంకాలము ఊరంతటికి సభామందిరమైనది. ఏ శిల్పి పటములోను ఈ ఉపయోగము లేదు. ఉత్తరోత్తర జాన్ వెస్లీ పొలములలో, కొట్టములలో, వీధులలో ప్రసంగించుటకు జంకకపోవుటకు బీజము ఆ వంటింట్లోనే పడినదని చరిత్రకారులు పలువురు అనుట మేము ఎరుగుదుము. తండ్రి చదువుకొను గదినుండి వచ్చినది పుస్తకము. తల్లి వంటింటినుండి వచ్చినది ఉద్యమము.

అటక సంగతి కూడా ఒక మాట చెప్పి ముందుకు పోదాము. 1716 డిసెంబరునుండి రెండు నెలలు ఆ ఇంట్లో గోడలపై తట్టుడు, మెట్లమీద అడుగుల చప్పుడు వినబడినవి. పిల్లలు ఆ దయ్యమునకు 'జెఫ్రీ' అని పేరు పెట్టినారు. రాజుకొరకు ప్రార్థన చేయునప్పుడు తట్టుడు మరింత ఎక్కువయ్యేదట. ఇప్పటికి అటకలో ఒక గదిని జెఫ్రీ గది అని చూపుతారు. మన పాత మిద్దెలలో అటకమీద ఉండే శక్తులకు రాజకీయాభిప్రాయములు ఉన్నట్లు మేము వినలేదు. ఆ ఇంగ్లీషు దయ్యమునకు ఉన్నవి.

ఇక మేము మొదట చెప్పిన విషయమునకు వద్దాము. రెక్టరీని కట్టువాడు తనకొరకు కాక తన తరువాత వచ్చువానికొరకు కడుతున్నాడు. ఈ సత్యమును తెలిసి కట్టినవారు ఉన్నారు. సాల్స్‌బరీ దగ్గర బెమర్టన్‌లో కవి జార్జి హెర్బర్ట్ 1630లో రెక్టరై, పాడుపడిన ఇంటిని సొంత ఖర్చుతో బాగుచేయించి, రాబోవు గురువును ఉద్దేశించి కొన్ని పంక్తులు చెక్కించినాడు. నీకు ఖర్చు లేకుండ మంచి ఇల్లు దొరికినచో ఆ మిగులును బీదలకు పెట్టుమని వాటి భావము. మూడేండ్లకే, 1633లో ఆయన గతించినాడు. ఆ ఇంటిని ఇటీవలి కాలమున మన దేశపు రచయిత విక్రమ్ సేథ్ కొని, దానిని గురించి కవిత వ్రాసినాడు. హెర్బర్ట్ ఊహించిన వారసుడు వేరు కావచ్చును. పంక్తులు మాత్రము ఇప్పటికి ఆ గోడకు ఉన్నవి.

అందరును హెర్బర్ట్‌లు కారు. అందుచేత చట్టము ఏర్పడినది. గురువు పదవి విడిచినను, మరణించినను, ఇంటికి కలిగిన శిథిలతకు అతడో, అతని ఆస్తికి వారసులో క్రొత్త గురువునకు సొమ్ము చెల్లింపవలెను. భర్త శవము ఇల్లు వెడలిన కొలదిరోజులలో కారుతున్న కప్పును, విరిగిన తలుపును లెక్క కట్టి పట్టీ వ్రాసి విధవరాలి చేతిలో పెట్టుట ఆ దేశమున ధర్మబద్ధమైన ఆచారము. 1972లో చేసిన శాసనముతో మాత్రమే మరమ్మతుల భారము వ్యక్తులనుండి తొలగి చర్చి మండలముల మీదికి వచ్చినది. మరొక శాసనము 1776 నాటిది. పదవికి వచ్చు ఆదాయమును తాకట్టు పెట్టి ఇల్లు కట్టుకొనవచ్చునని అది అనుమతించినది. ఆ తరువాతి నూరేండ్లలో లేచిన పెద్ద పెద్ద రెక్టరీలలో అనేకము అట్లు అప్పుతో లేచినవే. అప్పు చేసినవాడు ఒకడు. తీర్చినవారు వరుసగా వచ్చినవారు.

గురువు ఇల్లు దొరబాబు ఇల్లువలె కనబడవలెనన్న కోరిక ఎట్లు పుట్టినదో జేన్ ఆస్టిన్ తన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నవలలో (1814) చక్కగా చూపినది. హెన్రీ క్రాఫర్డ్ అను షోకిలా, తన మిత్రుడు ఎడ్మండ్ చేరబోవు గురువు ఇంటిని చూచి, పశువుల దొడ్డి తీసివేయవలెననియు, ఇంటి ముఖమును తూర్పునకు త్రిప్పవలెననియు పథకములు చెప్పుతాడు. ఎడ్మండ్ దొడ్డి తీయుట వరకు ఒప్పుకొని, తక్కినవి తనకు అక్కరలేదంటాడు. ఆ రచయిత్రి పుట్టిన స్టీవెంటన్ రెక్టరీని 1820లలో పడగొట్టినారు. అది నేడు ఒక పొలము. మన విద్యార్థి వ్రాసిన విశ్వవిద్యాలయపు రెక్టరు బంగళా ఏదైనను ఇంకను నిలిచే ఉండును!

ఎప్వర్త్‌లో ఏమి జరిగినదో చూడుడు. 1734 నాటికి ముదుసలియైన శామ్యూల్ వెస్లీకి ఒకటే దిగులు. తాను పోయినచో భార్య, పెండ్లికాని కుమార్తెలు వీధిలో పడుదురు. దానికి ఒకటే ఉపాయము. తన పదవి కుమారునికి రావలెను. అప్పు చేసి కట్టిన ఇంట్లో తన వారు ఉండుటకు అది తప్ప మార్గము లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న జాన్‌ను అడిగినాడు. ఇరువదియైదేండ్ల క్రిందట కిటికీనుండి లాగబడిన ఆ పిల్లవాడు, ఇప్పుడు పెద్ద పండితుడు, తాను ఆక్స్‌ఫర్డ్ విడువరాదని అంకెలు వేసి ఇరువదికి పైగా కారణములు చూపుతూ సుదీర్ఘమైన జాబు వ్రాసినాడు. తర్కము బలమైనదే. అందులో తన ఆత్మ సంగతి ఉన్నది, విద్యార్థుల సంగతి ఉన్నది. చెల్లెండ్రు ఎక్కడ నిద్రింతురన్న సంగతి లేదు. చివరి దినములలో కొంత మెత్తబడి ప్రయత్నించినను ఫలింపలేదు. 1735 ఏప్రిల్ 25న తండ్రి కన్నుమూసినాడు. 15 పౌండ్ల బాకీ కొరకు అప్పులవారు 40 పౌండ్లకు పైబడు విలువగల పశువులను పట్టుకొనిపోయిరి. సుసానా ఇల్లు విడిచి కుమార్తె దగ్గరకు పోయినది. ఆ తరువాత ఆమెకు సొంత ఇల్లు లేదు. ఒక బిడ్డ దగ్గరనుండి మరియొక బిడ్డ దగ్గరకు తిరిగి, 1742 జూలైలో లండనులో, జాన్ నివసించు ప్రార్థనామందిరపు గదులలో మరణించినది.

ఈ ఘట్టమును చదివి మేము పుస్తకము మూసివేసిన మాట దాచము. మా తండ్రిగారు ఒక చిన్న పట్టణపు మసీదులో ఇరువది రెండేండ్లు ఇమాముగా ఉన్నారు. మసీదు ఆవరణలోని రెండు గదుల ఇంట్లోనే మేము పుట్టినాము. ప్రతి రంజాను ముందర ఆయన సొంత డబ్బుతో సున్నము తెచ్చి, మా చేతికి కూడా ఒక కుంచె ఇచ్చి, గోడలకు వెల్లవేయించేవారు. గోడలోని గూట్లో ఆయన పుస్తకములు. ఆయన పోయిన నలుబదవ దినపు ఫాతిహా అయిన వారమునకు, క్రొత్త ఇమాము సాహెబు కుటుంబముతో వస్తున్నారనియు, ఇల్లు చూపవలెననియు కబురు వచ్చినది. కబురు పంపినవారు చెడ్డవారు కారు. ఎక్కడ వ్రాసి ఉన్న నియమమో గాని, నియమము అదే. మా అమ్మగారు నేల కడిగి, కడవలో నీళ్ళు నింపి, మూత పెట్టి బయటికి వచ్చినారు. వచ్చే ఇల్లాలికి మొదటి పూట నీళ్ళ కొరకు వెదుకులాట ఉండరాదని ఆమె ఆలోచన. మేము ఆ ఏడు యస్.యస్.ఎల్.సి. పరీక్ష మేనమామగారి ఊరినుండి వ్రాసినాము. హెర్బర్ట్ గోడ మీద చెక్కించిన పంక్తుల కంటె ఆ కడవను మేము తక్కువగా ఎంచలేము.

ఇల్లు పదవికి చెందినప్పుడు క్రొత్తవానికి దారి ఇవ్వవలెను గదా, అతని బిడ్డలు ఎక్కడ ఉందురు అని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పదవికి ఇల్లు అంటిపెట్టిన ఏర్పాటు మొత్తముగా చెడ్డదని మేము అనుట లేదు. అదియే లేనిచో బీద పండితుడు శామ్యూల్ వెస్లీ ఏడు గదుల ఇంట్లో అడుగుపెట్టగలిగేవాడే కాడు. సుసానా వంటిల్లు ఉండేది కాదు. మేము కూడా మసీదు నీడలో చదువుకొనేవారము కాము. ఎవరికిని సొంతము కాకుండుటచేతనే ఆ ఇండ్లు మూడు నాలుగు వందల ఏండ్లు అమ్ముడుపోక, పంపకమునకు రాక నిలిచినవి. మా తగవు ఏర్పాటుతో కాదు. ఇటుకకు మరమ్మతు లెక్క వ్రాసిన చట్టము, ఆ ఇటుకల నడుమ ఆదివారముల దీపము పెట్టిన స్త్రీకి ఒక్క పంక్తి వ్రాయకపోవుటతో మా తగవు.

తల్లి మరణమునకు నెలన్నర ముందు, 1742 జూన్‌లో, జాన్ వెస్లీ ఎప్వర్త్‌కు వచ్చినాడు. తన తండ్రి ముప్పదియేండ్లకు పైగా ప్రసంగించిన చర్చిలో మాటలాడనిమ్మని అడిగినాడు. అప్పుడు అచట ఉన్న గురువు నిరాకరించినాడు. రెక్టరీ వేరొకరిది, చర్చి వేరొకరిది. సాయంకాలము జాన్ శ్మశానవాటికలోని తండ్రి సమాధి రాతిపలక మీద నిలిచి ప్రసంగించినాడు. ఊరంతయు వచ్చి విన్నది. ఎప్వర్త్‌లో ఆ కుటుంబమునకు మిగిలిన స్థలము ఆ పలక పాటిదే. జాన్ దినచర్యలో ఈ సంగతి విజయముగా వ్రాయబడినది. ఏడేండ్ల క్రిందట తాను వ్రాసిన కారణముల జాబు ఆ రాతి మీద నిలిచినప్పుడు ఆయనకు గుర్తు వచ్చినదో లేదో!

1954లో ప్రపంచ మెథడిస్టు కౌన్సిలువారు ఆ రెక్టరీని కొని, బాగుచేయించి, 1957లో ప్రజలు చూచుటకు తెరచినారు. లోకములోని నలుమూలలనుండి జనము వచ్చి చూస్తున్నారు. వంటిల్లును కూడా చూపుతున్నారు, అది మెచ్చదగినది. ఇంగ్లండులో అమ్ముడుపోయిన వేల రెక్టరీల కంటె దీని గతి మేలు. అక్కడ ఊరివారు గుమ్మము దాటుటకు అభ్యంతరము లేదు. విక్టోరియా రాణి కాలపు గురువు ఇళ్ళలో చదువుకొను గదిని వీధి తలుపు ప్రక్కనే పెట్టేవారు, పేదవాడు ఇంటిని దాటకుండ నేరుగా వచ్చి తన కష్టము చెప్పుకొనుటకు. ఆ గది నేడు కోటు తగిలించుకొను గదియో, టెలివిజను గదియో అయి ఉన్నది. రంగులు వేసి కాపాడిన ఆ ఇండ్లను చూచి మురియువారు, ఆ తలుపు మూసుకొన్నందుకు కొంచెమైన బాధపడవలెనని మా అభిప్రాయము.

ఈ పత్రిక కళాశాల కమిటీవారి చేతికి కూడా పోతుంది గనుక మరొక మాట. హాస్టలు ప్రక్కన వార్డెను కుటుంబమునకు ఇల్లు కట్టింపవలెనని కమిటీవారు సంకల్పించినారు. నోటీసు బోర్డున పెట్టిన పటమును మేమును చూచినాము. ముందు మూడు కమానులు, వరండా, స్తంభములు ఉన్నవి. వంటిల్లు వెనుక మూల ఎనిమిదడుగుల గది. దయచేసి ఒక కమాను తగ్గించి ఆ వంటిల్లును పెద్దది చేయించండి. జ్వరము వచ్చిన హాస్టలు పిల్లవాడు గంజి కొరకు కూర్చుండేది కమాను క్రింద కాదు. ఇక ఆ ఇంటి నియమావళి ఇంకను వ్రాయబడలేదని తెలిసినది. ఉద్యోగములో ఉండగా వార్డెను మరణించినచో అతని కుటుంబము ఆ విద్యాసంవత్సరాంతము వరకు, పిల్లల పరీక్షలు ముగియువరకు ఆ ఇంట్లోనే ఉండవచ్చుననియు, క్రొత్త వార్డెనుకు అంతవరకు బయట అద్దె కళాశాలయే చెల్లించుననియు అందులో ఒక వాక్యము చేర్చవలెనని కోరుతున్నాము. ముసాయిదాను ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ఇచ్చుటకు మేము సిద్ధముగా ఉన్నాము.